ఆరేళ్ల కిందటి కుంచె

"ఆగు! ఆగు! అరే, సైకిల్ ఆపు!"

కనకవ్వ అరుస్తూనే ఉంది. సైకిల్ మీది మనిషి వింటేగా! ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకొని, చదువుకుంటూ తొక్కుకుంటూ వచ్చి, వీధి పొడవునా చాపిన పడుగులోకి ముందు చక్రాన్ని తిన్నగా దూర్చేశాడు. దారాలు పటపటా తెగాయి.

అది సిరిసిల్లలో నేతవాళ్ల వాడ. 1966 మే నెల. మగ్గానికి ఎక్కించబోయే నూలును, అంటే పడుగును, పొద్దున్నే వీధిలో బారుగా చాపి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టుకోవడం అక్కడి పద్ధతి. వీధిలో పడుగు ఉందంటే ఎడ్లబండి కూడా పక్క సందులోంచి చుట్టు తిరిగి పోతుంది.

"కండ్లు ఏడ పెట్టినవయ్యా?" అంది కనకవ్వ, గంజి చేతులు నడుముకు ఆనించి.

"పుస్తకంల," అన్నాడతను నిజాయితీగా.

"గంత మంచిగున్నదా? ఏమున్నది అండ్ల?"

"దేశాల నడుమ యుద్ధాలు ఎందుకొస్తయి, శాంతి ఎట్ల నిలబడ్తది..."

"గిట్లనే వస్తయి యుద్ధాలు. రాసుకో."

కుంచెలు పట్టినవాళ్లంతా పకపకా నవ్వారు. అతను నవ్వలేదు. తెగిన దారాలు చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. సైకిల్‌ను గోడకు ఆనించి, "తెంపినోడే అతకాలె కద. అతుకుత," అంటూ పడుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

వాడ కట్టుబాటు తెలిసినవాడే. కానీ వేళ్లకు ఆ పని రాదని రెండో దారానికే తేలిపోయింది. కనకవ్వ చూసి చూసి ఇక ఆగలేక పక్కన కూర్చుంది.

"ముడి ఎయ్యద్దు. మెలిపెట్టాలె. జర బూడిద అంటించుకో వేళ్లకు. ఆఁ, గట్ల. ఎవలు నువ్వు?"

"పర్శరాములు. లచ్చయ్య కొడుకును."

చుట్టూ నవ్వులు టక్కున ఆగిపోయాయి. లచ్చయ్య అంటే పక్కిల్లే. తల్లి పోయాక పన్నెండేళ్ల వయసులో మేనమామ వెంట బొంబాయి దగ్గరి భివండి వెళ్లిన కనకవ్వ, ఏడేళ్ల తర్వాత మొన్ననే తిరిగి వచ్చింది. ఆ పక్కింటి పిల్లాడు ఆమెకు లీలగా గుర్తున్నాడు.

"ముక్కు కార్చుకుంట తిరిగేటోనివి. నువ్వేనా? ఆగిందా మరి?"

"కరీంనగర్ కాలేజీల చేరినంక ఆగింది."

"పేరేమో గొడ్డలి పట్టిన దేవునిది, చదివేదేమో శాంతి! మీ బాపుకు ఎరుకేనా?"

అతను ఈసారి నవ్వాడు. బాగా నవ్వుతాడని కనకవ్వ గమనించింది. గమనించానని తన మీద తనకే కోపం వచ్చి, దారాన్ని అవసరం లేనంత గట్టిగా మెలిపెట్టింది.

అంతలో గంజి కుండతో ఇంట్లోంచి వచ్చిన ఆమె తండ్రి బాలమల్లు గడప మీదే నిలబడిపోయాడు.

"మా పడుగు మీద వాని చెయ్యేంది?"

"దారాలు తెగినయి మామా, అతుకుతున్న..."

"నీకు మామను కాను. లే ఆణ్ణించి."

పర్శరాములు లేచాడు. సైకిల్ నడిపించుకుంటూ పోతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. పడుగును చూశాడో, పడుగు వెనకున్న మనిషిని చూశాడో వాడలో ఎవరికీ తెలియలేదు. కనకవ్వకు మాత్రం తెలిసింది.

ఇంతకీ తగాదా ఏమిటంటే, ఆ వాడలో ఒక ఆచారముంది. రేపు పడుగు చాపుతామనగా ఈ సాయంత్రమే, ఎవరెవరి సాయం కావాలో వాళ్ల వాళ్ల గడప మీద ఒక్కో కుంచె పెట్టి వస్తారు. నోటితో మాట ఉండదు. కుంచె వస్తే, పొద్దున్నే ఆ కుంచె పట్టుకొని సాయానికి రావాలి. రావడం కుదరకపోతే దీపాలు పెట్టేలోపు దాన్ని వాపసు ఇవ్వాలి.

"ఆరేండ్ల కింద వాడంత కుంచెలు పంపిండు ఆ లచ్చయ్య. నా గడప ఒక్కటే ఇడిసిపెట్టిండు," అన్నాడు బాలమల్లు ఆ పూట అన్నం కలుపుతూ. "అది చాలదని, నేనే కుంచె తీసుకొని సాయానికి రాలేదన్నడు. నన్ను దొంగన్నడు బిడ్డా! వేములవాడ పోయి, రాజన్న దేవుని ముందట ఒట్టు పెట్టిన, నా గడపకు కుంచె రాలేదని."

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మూలన కూర్చున్న బాపమ్మ శంకరవ్వ, మనవరాలి కంచంలో ఇంకో గరిటెడు పప్పు పోసి ముఖం తిప్పుకుంది.

లచ్చయ్య వైపు కథ కనకవ్వకు బావి దగ్గర తెలిసింది. రెండిళ్ల పెరళ్లకూ కలిపి ఒకటే బావి. తగాదా వచ్చాక బావి నోటి మీదుగా గోడ కట్టారు. ఇటు సగం వీళ్లది, అటు సగం వాళ్లది. గోడ నీళ్ల దాకా దిగదు కాబట్టి, చేద వేస్తూ వంగితే అవతలి మనిషి నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాడు.

"మా బాపు తన చేత్తోనే పెట్టిండట మీ గడప మీద," అన్నాడు నీళ్లలోని పర్శరాములు. "మీ బాపు రాలే. అందరు వస్తరని మస్తు పొడుగు పడుగు చాపిండ్రు. వాన కొట్టింది. ఎత్తుటానికి చేతులు చాలలే. పడుగంత బురదల కలిసింది. ఆ ఏడు మా అవ్వ సొమ్ములు కుదువ పెట్టిండు."

"మా బాపు అబద్ధం ఆడడు."

"మా బాపు గూడ ఆడడు."

కనకవ్వ నిండిన చేదను గట్టు మీద పెట్టింది.

"మరి నీ పుస్తకం ఏమంటది?" అంది కనకవ్వ.

ఆ తర్వాత నీళ్ల అవసరం రెండిళ్లలోనూ ఉన్నట్టుండి పెరిగింది. పొద్దున ఒక చేద, మధ్యాహ్నం ఒక చేద, సాయంత్రం మొక్కలకని రెండు. సెప్టెంబరు యుద్ధం గురించి, జనవరిలో తాష్కెంట్‌లో పెట్టిన సంతకాల గురించి పర్శరాములు చెప్పేవాడు. కనకవ్వ ఊరికే వినే రకం కాదు.

"బ్యాలెన్స్ ఆఫ్ పవర్ అంటరు. రెండు దిక్కుల బలం సమానముంటే ఎవలూ కొట్లాటకు దిగరు."

"మా బాపు, మీ బాపు సమానంగనే ఒర్రుతరు కద. ఆగిందా మరి?"

"పంచశీల ఉన్నది. ఒకల ఇంటి సంగతిల ఒకలు ఏలు పెట్టద్దు."

"ఆరేండ్ల సంది గదే చేస్తున్నరు. దాన్ని శాంతి అంటరా? నాకైతే పీనుగు లేసిన ఇల్లు లెక్క అనిపిస్తది."

అతను చేద వదిలేశాడు. అది నీళ్లలో దబ్బున పడి అతని బొమ్మ చెదిరిపోయింది.

ఒకరోజు అతనే ఒక పరీక్ష పెట్టాడు. రోజంతా మీ బాపు మా బాపును ఏమేమన్నాడో నువ్వు రాయి, మా బాపు అన్నవి నేను రాస్తానన్నాడు. సాయంత్రం బావి దగ్గర చదువుకున్నారు.

"మొండోడు," అంది కనకవ్వ.

"మొండోడు. నా దాంట్ల గూడ మొదటిదే."

"పైకి మంచిగ, లోపల కడుపుల కత్తులు."

"మాటకు మాట అదే!"

"ఒక్కసారి తప్పైందంటే ఇడిసిపెడ్దును. అనడు."

పర్శరాములు కాగితం మడిచేశాడు. "కనకా, గిదే అసలు సంగతి. మా సార్ మధుసూదన్‌రావు క్లాసుల చెప్పిండు. ఒక దేశం ఇంకో దేశంతోని కొట్లాడదట. తన తలకాయల ఉన్న దాని బొమ్మతోని కొట్లాడుతదట. రెండు దిక్కుల బొమ్మ ఒక్క తీరే ఉంటది."

"అయితే బొమ్మను మార్చాలె."

"కష్టం. నిజం చూపిచ్చినా నమ్మరు. నమ్మినా ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఇజ్జత్ పోతదని భయం."

"అయితే ఇద్దరి ఇజ్జత్ పోకుండ నిజం చెప్పాలె."

"గా సిద్ధాంతం ఇంకా ఎవలూ రాయలే."

"రాయకుంటే నాకేంది? చేసేటోళ్లు చేస్తరు," అంది కనకవ్వ. నీళ్లలోంచి అతను ఆమెనే చూస్తున్నాడు. ఆమె చేద నిండి చాలాసేపైంది. ఇద్దరిలో ఎవరికీ అది గుర్తు లేదు.

చదివినదాన్ని ఊరికే ఉంచితే విద్యార్థి ఎలా అవుతాడు? పర్శరాములు కులపెద్ద కైలాసం దగ్గరికి వెళ్లి రాయబారం నడిపాడు. రెండిళ్ల ముందు వీధి నడిమధ్య పొడవునా సున్నంతో గీత గీయించాడు. ఇటు సగం బాలమల్లుది, అటు సగం లచ్చయ్యది. ఇద్దరూ ఒకేరోజు పడుగులు చాపుకోవచ్చు. సగం వీధి దక్కుతుందనగానే ఇద్దరు పెద్దమనుషులూ ఎగిరి ఒప్పుకున్నారు.

తెల్లారి రెండు పడుగులు పక్కపక్కనే చాపారు. చాపాక తెలిసింది సంగతి. కుంచె పట్టేవాళ్లు పడుగుకు రెండు పక్కలా నిలబడాలి, సగం వీధిలో అంత చోటు లేదు. ఎవరి పడుగు దువ్వాలన్నా ఎదుటివాడి నేల మీదే నిలబడాలి!

"గీత దాటినవ్!"

"నువ్వు దాటలేదా?"

గంజి కుండ ఒకటి పగిలింది. గీత కన్నా ఎక్కువ తెల్లగా అందరి కాళ్లూ అయ్యాయి. ఆ సాయంత్రం బావి దగ్గర కనకవ్వ నవ్వుతూ నవ్వుతూ గోడకు చేరబడింది.

"మగ్గం గుంటల కాలు పెట్టి ఎన్నేండ్లయింది శాంతిదూతా?"

"నవ్వు. ఎంత నవ్వుతవో నవ్వు," అన్నాడతను. గొంతులో నవ్వు లేదు. "నాకు మాత్రం శాంతి కావాలె."

"దేశానికా?"

"నాకు. ఈ గోడ అవుతల ఉన్న మనిషి కోసం."

కనకవ్వ నవ్వు ఆగింది. బావిలోకి వంగితే తన ముఖం కనిపిస్తుందని వంగలేదు.

"జల్ది తెచ్చుకో మరి," అంది చివరికి. "సోమవారం భివండి నించి మా మేనమామ సంబంధం తోలుకొస్తున్నడు. ఆదివారం రాత్రికి వేములవాడ సత్రంల దిగి, పొద్దున రాజన్న దర్శనం చేసుకొని, మా ఇంటికొచ్చి మాట ఖాయం చేసుకుంటరట. పిల్లగానికి నాలుగు పవర్‌లూములు ఉన్నయట."

"నువ్వేమన్నవ్?"

"నన్ను ఎవలడిగిండ్రు? అడిగితే చెప్త. నీ పేరే చెప్త. అయితే తగాదా ఉండంగ చెప్తే మా బాపు పగ తీర్చుకున్నట్టు ఆ సంబంధమే చేస్తడు. సోమవారం లోపల తగాదా ఆగాలె. నువ్వు పరేషాన్ కాకు. నేను ఆపుత."

ఎలా ఆపుతుందో ఆమెకూ తెలియదు. ఆపాలని మాత్రం తీర్మానించుకుంది.

శనివారం నాడు, చుట్టాలకని ఇత్తడి పళ్లేలు దించడానికి కనకవ్వ అటక ఎక్కింది. మూలన పాత గోనెపట్టాలో చుట్టి ఏదో ఉంది. విప్పి చూస్తే కుంచె. కర్ర మీద కాల్చి పెట్టిన మూడు గీతలు. తమ ఇంటి కుంచెల మీద ఉండేది ఒక గీతే. మూడు గీతలు లచ్చయ్యవి.

కింద నిచ్చెన పట్టుకున్న శంకరవ్వ అది చూసింది.

"కిందికి తేకు బిడ్డా."

"నువ్వేనా బాపమ్మా?"

"మబ్బు కండ్లు. మనదే బయట పడున్నదనుకొని పైన పెట్టిన. నాల్గొద్దులకు ఎలుతుర్ల చూసిన, అప్పటికే నీ బాపు రాజన్న ముందట ఒట్టు పెట్టొచ్చిండు. కుంచె ఉన్నదంటే నా కొడుకు దేవుని ముందట అబద్ధమాడినోడు అయితడు. ఎట్ల చెప్పుదు?" ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆరేండ్లాయె. నిద్రలేదు. నువ్వు చెప్పకే. వాడు తల ఎత్తుకోలేడు."

కనకవ్వ నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. చెబితే బాపమ్మ పరువు పోతుంది, తండ్రి ఒట్టు అబద్ధమవుతుంది. చెప్పకపోతే ఎల్లుండి తన బతుకు భివండి వెళ్లిపోతుంది. ఇద్దరి ఇజ్జత్ పోకుండా నిజం చెప్పాలని తానే అన్నది. అనడం సులువే. చాలాసేపు ఆలోచించింది.

"బాపమ్మా, ఒట్టు పెట్టిననాడు బాపుకు ఎరుక లేదు కద? అయితే అది అబద్ధం ఎట్లయితది? నీ పేరు నా నోట్లకెళ్లి రాదు. నా మీద ఒట్టు." అని కుంచెను కడిగి, కొత్త బట్టలో చుట్టి పెట్టుకుంది.

ఆదివారం లచ్చయ్య పడుగు. మబ్బు పట్టి ఉంది. సాయానికి వచ్చినవాళ్లు తక్కువ, ఎందుకంటే వాడలో సగంమంది మగవాళ్లు భివండికీ షోలాపూర్‌కూ వెళ్లిపోయారు. లచ్చయ్య ఆకాశం వైపు, పడుగు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. పర్శరాములు పుస్తకం ఇంట్లో పడేసి, లుంగీ ఎగగట్టి గంజి పట్టిస్తున్నాడు.

అరుగు మీద కూర్చున్న తండ్రి ముందు నుంచే కనకవ్వ కుంచె పట్టుకొని వీధిలోకి దిగింది. తిన్నగా నడిచి లచ్చయ్య ఎదుట నిలబడింది.

"కుంచె పంపినవు మామా. వచ్చిన. జర ఆలస్యమైంది."

లచ్చయ్య కుంచెను తీసుకొని తిప్పి చూశాడు. మూడు గీతలు కనిపించాయి. బొటనవేలితో వాటిని తడిమాడు. వీధిలో కుంచెలన్నీ ఆగిపోయాయి.

"ఇది... ఆరేండ్ల కిందటిది."

"ఔ. నువ్వు పంపింది నిజం. అది మా గడప మీదికొచ్చింది నిజం. మా బాపు దాన్ని చూడలే, గదీ నిజం. రాజన్న ముందట ఆయన పెట్టిన ఒట్టుల అబద్ధం లేదు. ఇద్దరూ ఉన్నది ఉన్నట్టే చెప్పిండ్రు. ఇద్దర్ల దొంగ లేడు."

"మరి దాచినోళ్లు ఎవలు?"

"అది చెప్ప."

"చెప్పకుంటే ఎట్ల నమ్మాలె?"

"నమ్మకు. నన్ను తిట్టు. ఆ ఇంటి బిడ్డను, పడ్త. తిట్టినంక నాకు ఎదురుంగ కుంచె పట్టెటందుకు ఒకల్ని పిలువు. వాన మొగులు చూసినవా?"

కనకవ్వ కుంచె కోసం చెయ్యి చాచింది. చాచిన చెయ్యి దించలేదు. పర్శరాములు గంజి చేతులతో అలాగే నిలబడి ఆమెను చూస్తున్నాడు. ఇంత ధైర్యం తన పుస్తకాల్లో ఏ రాయబారికీ లేదనుకున్నాడు.

"నేనే లచ్చయ్యా."

అందరూ తిరిగి చూశారు. కట్టె పొడుచుకుంటూ శంకరవ్వ వస్తోంది.

"నేనే పైన పెట్టిన. మాదనుకున్న. ఎరుకైనంక భయపడి ఊకున్న. మీరు తిట్టాల్సింది నన్ను. అది చిన్నపోరి, నన్ను కాపాడుతున్నది."

లచ్చయ్యకు కోపం వచ్చింది. ఆరేళ్ల కోపం ఎక్కడికి పోతుంది? నోరు తెరిచాడు. ఎదురుగా ఎనభై ఏళ్ల మనిషి తల వంచుకొని ఉంది. చిన్నప్పుడు తనకూ ఆమే పెరుగన్నం పెట్టింది. తెరిచిన నోరు మూసుకొని, కుంచెను కనకవ్వ చేతికిచ్చాడు.

ఇక వాడంతా బాలమల్లు వైపు చూసింది. తల్లి మీదకు ఒక చూపు, కూతురి మీదకు ఒక చూపు వేసి, అతను అరుగు మీంచి నెమ్మదిగా లేచాడు. ధోవతి ఎగగట్టాడు. వచ్చి కూతురికి ఎదురుగా పడుగు అవతల నిలబడి కుంచె రెండో కొస పట్టుకున్నాడు. నాలుగడుగులు దువ్వాక, పక్కన ఇంకో కుంచె పట్టిన లచ్చయ్య వైపు చూశాడు.

"గట్ల ఒత్తకు. దారం తెగుతది."

ఆరేళ్లలో లచ్చయ్యతో అతను అరవకుండా మాట్లాడిన మొదటి మాట అది.

"నాకు నేర్పుతున్నవా?"

"నేర్చుకుంటే నేర్పుత."

ఎవరో ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. లచ్చయ్య కళ్లు తుడుచుకుంటే గంజి అంటి ఇంకా మండాయి.

సగం ఆరిన పడుగును చుట్టి ఇంట్లోకి చేరుస్తుండగానే వాన దబదబా మొదలైంది. ఆ హడావుడిలో కనకవ్వ, పర్శరాములు ఒకే చూరు కింద మిగిలారు. గోడ లేకుండా, నీళ్లలో కాకుండా, తలకిందులుగా కాకుండా అతను అంత దగ్గరగా కనిపించడం సైకిల్ రోజు తర్వాత ఇదే మొదటిసారి. అతని మీసం చివర గంజి చుక్క ఎండి ఉంది.

"నువ్వు చేసింది ఏ పుస్తకంల లేదు కనకా."

"లేకుంటే నువ్వే రాయి. రేపు సోమవారం, యాదికున్నదా? నా వంతు నేను చేసిన. ఇగ నీది. థియరీలు చెప్పకు, మీ బాపుకు చెప్పు."

"ఇప్పుడే చెప్త," అని వానలోకి దిగిపోయాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఇంటికి వెళ్లడానికి నిండా తడిశాడు.

సాయంత్రం వాన వెలిశాక లచ్చయ్య వచ్చాడు. వెనక కొడుకు. మాట్లాడకుండా బాలమల్లు గడప మీద ఒక కుంచె పెట్టాడు. అదే కుంచె. కర్రకు పసుపు పూసి ఉంది. పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

పసుపు కుంచె ఆ వాడలో ఎవరూ ఎప్పుడూ పంపలేదు. అయినా అర్థం కానిది ఏముంది?

వద్దనుకుంటే దీపాలు పెట్టేలోపు వాపసు ఇవ్వాలి. బాలమల్లు అరుగు మీద కూర్చొని కుంచెనే చూస్తున్నాడు. చుట్ట ఒకటి అయిపోయింది. ఇంకోటి వెలిగించాడు. లోపల కనకవ్వ దీపం ప్రమిదలో వత్తి వేసి, నూనె పోసి, అగ్గిపుల్ల చేతిలో పట్టుకొని నిలబడింది. వెలిగించడానికి చెయ్యి రాలేదు.

"బిడ్డా," అని పిలిచాడు బాలమల్లు. "నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే బాపు."

బాలమల్లు లేచాడు. కుంచెను రెండు చేతులా తీసుకొని గడప దాటి లోపలికి వచ్చాడు. అందరికీ కనిపించేలా నట్టింటి గోడకున్న మేకుకు తగిలించాడు.

"అవ్వా," అన్నాడు తల్లితో, "గీసారి అటక మీద పెట్టకు."

శంకరవ్వ ఏడుస్తూనే నవ్వింది.

"దీపం పెట్టు బిడ్డా. పెట్టి, నా చెప్పులు ఇటు తే. వేములవాడ పోయి మీ మేనమామకు సత్రంలనే సంగతి చెప్పొస్త. ఇంటి దాక వచ్చినంక చెప్తే మంచిగుండదు."

దీపం వెలిగించి కనకవ్వ పెరట్లోకి పరుగెత్తింది. చేద కూడా తీసుకోలేదు. బావి మీద వంగితే అవతల అతను అప్పటికే వంగి ఉన్నాడు.

"ఏమైంది? కుంచె వాపస్ వస్తదా?"

"రాదు," అంది కనకవ్వ. "ఇగ గీ గోడ ఎప్పుడు పడగొడ్తవో చెప్పు."